స్లౌ, స్లూ, స్లఫ్... ఈ ఒక్క మాటకి తెలుగులో ఏం రాయాలి?

సీతాఫలంచెట్టు (ప్రశ్న)

అందరికీ నమస్తే. నేను పిల్లల కోసం ప్రకృతి వ్యాసాలు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి చేస్తుంటాను. ఈసారి ఒకే ఒక్క మాట దగ్గర మూడు రోజులుగా ఆగిపోయి ఉన్నాను, ఇంక నావల్ల కాక ఇక్కడికి వచ్చా. ఆ మాట స్పెల్లింగు ఎస్, ఎల్, ఓ, యు, జి, హెచ్. డిక్షనరీ తీస్తే బురద గుంట, చిత్తడి, ఊబి, వాగు, పాము కుబుసం, పుండులో చచ్చిన కండ, నిరాశ అని వరసగా ఉన్నాయి. ఇవన్నీ ఒకే మాటకి ఎలా అర్థాలయ్యాయో నాకు అంతుపట్టలేదు.

నా దగ్గర వ్యాసాల్లో మూడు చోట్ల వచ్చింది. ఒకటి అమెరికా ఫ్లోరిడాలో ఎవర్‌గ్లేడ్స్ గురించి, గడ్డి దిబ్బల మధ్య ఇవి పారుతుంటాయని ఉంది. రెండోది పాము గురించి. మూడోది ఒక మనిషి కథలో, అతను దిగులులో కూరుకుపోయాడని చెప్పడానికి వాడారు. నా పని సరిచూసే ఆయన మూడు చోట్లా ఊబి అని పెట్టెయ్యండి, పిల్లలకి అంత తేడా ఎందుకు అన్నారు. నాకు మాత్రం మనసు ఒప్పట్లేదు. ఊబి అంటే మనిషిని లోపలికి లాగేసేది కదా, చేపలూ పక్షులూ బతికే చోటుని అలా రాస్తే పిల్లలు దాన్ని చూసి భయపడతారు తప్ప ఇష్టపడరు. పైగా పలకడం కూడా ఒక్కో వీడియోలో ఒక్కోలా ఉంది, స్లౌ అంటారు, స్లూ అంటారు, స్లఫ్ అంటారు. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్.

నూజివీడురసం

చిత్తడి నేల అని పెట్టెయ్యండి అండి, పేపర్లలో అదే రాస్తున్నారు, గవర్నమెంటు వాళ్లూ అదే వాడుతున్నారు. పాము దగ్గర మాత్రం కుబుసం. అయిపోయింది.

పేటబస్తీ_టాంపా

నూజివీడురసం గారూ, చిత్తడి నేల అన్నది తప్పు కాదు గానీ అది మొత్తం కులానికి పెట్టిన పేరండి, ఇక్కడ అడుగుతున్నది అందులో ఒక ఇంటి పేరు. చిత్తడి నేలల్ని కాపాడ్డానికి దేశాలు చేసుకున్న రాంసర్ ఒప్పందం లెక్కలో చూస్తే చెరువు, మడ అడవి, వరి పొలం, చివరికి పోటు తగ్గినప్పుడు 6 మీటర్లకి మించని సముద్రపు నీళ్లు కూడా చిత్తడి నేల కిందకే వస్తాయి. అంత పెద్ద గొడుగు కింద ఇది ఎక్కడ నిలబడుతుందో పిల్లలకి కనిపించాలి కదా.

నేను ఫ్లోరిడాలో ఉంటా, ఎవర్‌గ్లేడ్స్‌కి నాలుగైదుసార్లు వెళ్లాను కాబట్టి ఆ వాక్యం గురించి చెప్తా. ఇక్కడ దీన్ని స్లూ అంటారు. ఎవర్‌గ్లేడ్స్ అంటే బురద అడవి అనుకుంటాం, నేనూ అలాగే అనుకుని వెళ్లా, కానీ అది నిజానికి చాలా వెడల్పుగా చాలా నెమ్మదిగా పారే నది లాంటిది, కిలోమీటరుకి మూడు సెంటీమీటర్లు కూడా వాలు ఉండదు, అందుకే నీళ్లు కదులుతున్నట్టే తెలియదు. అందులో కాస్త మెరక మీద రంపంలా కోసుకునే అంచున్న గడ్డి ఒత్తుగా ఉంటుంది, ఆ గడ్డి దిబ్బల మధ్య కాస్త లోతుగా, గడ్డి లేకుండా, కలువలు తేలుతూ పొడవుగా సాగిపోయే నీటి దారి ఉంటుంది చూడండి, అదీ స్లూ. పెద్దది షార్క్ రివర్ స్లూ, చిన్నది టేలర్ స్లూ.

టేలర్ స్లూ మీద అన్హింగా ట్రెయిల్ అని చెక్కల నడక దారి ఉంది. జనవరిలో వెళ్లాం, అక్కడ చలికాలమే ఎండకాలం లెక్క, వానలుండవు, గడ్డి దిబ్బలు ఎండిపోతాయి, ఈ లోతు దారిలో మాత్రం నీళ్లు మిగులుతాయి, అందుకని చేపలన్నీ అక్కడికే చేరతాయి, వాటి వెనకాల కొంగలు, వాటి పక్కనే మొసళ్లు. కొల్లేరులో డార్టర్ పక్షి ఉంటుంది కదా, నీళ్లలో పాములా మెడ ఒక్కటే పైకి పెట్టి ఈదేది, దాని చుట్టమే ఈ అన్హింగా, మాకు మూడడుగుల దూరంలో రెయిలింగు మీద రెండు రెక్కలూ బార్లా చాపి ఆరబెట్టుకుంటూ కూర్చుంది, ఎంతమంది నడిచి వెళ్లినా కదల్లేదు. మా బాబు దాని రెక్క మీద నీటి బొట్లు లెక్కపెట్టాడు. అలాంటి చోటుని ఊబి అంటే ఎలా అండి! అక్కడ అది ఊపిరి నిలబెట్టే చోటు, ఎండల్లో మిగిలిన ఒక్క నీటి దారి. 1928లో ఆ ప్రాంతానికి అడ్డంగా తామియామి ట్రెయిల్ అని రోడ్డు వేస్తే ఈ నీటికి కట్ట వేసినట్టయింది, దక్షిణానికి నీళ్లు అందక ఎంత నష్టం జరిగిందో, ఈమధ్య కాలంలో ఆ రోడ్డుని కొన్ని చోట్ల వంతెనల మీదకి ఎత్తారు.

నా ఓటు: నీటి దారి, లేదా పాయ.

తెల్లకోటు_గుంటూరు

సీతాఫలంచెట్టు అక్కా, నేను సర్జికల్ వార్డులో నర్సుని. మేం రోజుకి ఇరవైసార్లు అంటాం ఈ మాట, స్లఫ్ అని. షుగరు ఉన్నవాళ్ల కాలి పుండు విప్పి చూస్తే అడుగున పసుపూ తెలుపూ కలిసిన జిగట పొర పట్టుకుని ఉంటుంది, గాజ్ గుడ్డతో తుడిచినా పూర్తిగా రాదు, అది స్లఫ్. నల్లగా తోలులా గట్టిపడితే దాన్ని ఎస్కార్ అంటాం. ఇవి ఉన్నన్నాళ్లూ కింద ఎర్రటి కొత్త కండ పైకి రాదు, చీము పట్టడానికీ చోటిచ్చినట్టే, అందుకే డాక్టర్లు తీసేస్తారు. పేషెంటు వాళ్లకి చెప్పేటప్పుడు మేం స్లఫ్ అనం, చెడు కండ తీసేస్తున్నాం అమ్మా, మంచి కండ వస్తుంది అంటాం, అందరికీ అర్థమైపోతుంది. మీకు ఎప్పుడైనా ఆ అర్థంలో వస్తే చెడు కండ అని రాయండి, చాలు.

పాము కుబుసం కూడా ఇదే స్లఫ్. ఒంటి మీద చచ్చిన పొర విడిపోవడం అన్నదే మూలం అన్నమాట, పుండుకైనా పాముకైనా. పిల్లల వ్యాసం అంటున్నారు కాబట్టి ఒకటి చేర్చండి, కుబుసం విడిచే ముందు పాము కళ్లు పాలు పోసినట్టు మసకబారతాయి, ఎందుకంటే పాముకి రెప్పలుండవు, కంటి మీద అద్దంలాంటి పొలుసు ఉంటుంది, అది కూడా కుబుసంతో పాటే ఊడి వస్తుంది. మా నాన్నకి గడ్డివాములో ఒకటి దొరికింది, నేను దాన్ని ఎండకి పెట్టి చూశా, తల దగ్గర రెండు గుండ్రటి గాజు పెంకుల్లా కళ్లు అలాగే ఉన్నాయి.

థేమ్స్‌గట్టు

నేను ఉండేదే ఈ పేరున్న ఊళ్లో అండి. హీత్రో ఎయిర్‌పోర్టు పక్కన స్లౌ. ప్యాడింగ్టన్‌లో ట్రెయినెక్కితే అనౌన్స్‌మెంటులో స్లౌ అని వినిపిస్తుంది. మనవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, ఇండియా నుంచి కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ మొదటి వారం స్లఫ్ అంటారు, నేనూ అన్నాను, ఇంటి ఓనరు ఓపిగ్గా సరిచేశాడు. ఊరి పేరు 1195 నాటి రాతల్లోనే స్లో అని ఉందట, బురద నేల అనే అర్థంతోనే వచ్చిందంటారు. ఇప్పుడు చూస్తే ఆఫీసులు, గోడౌన్లు, రోడ్లు. యురేనస్‌ని కనిపెట్టిన విలియం హెర్షెల్ 40 అడుగుల టెలిస్కోపు కట్టింది ఈ ఊళ్లోనే, ఆ విషయం స్థానికులు గర్వంగా చెప్తారు, ఊరి పేరులో ఉన్న నీళ్ల గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. నాకైతే ఆ పేరు వింటే ఒక్కోసారి బాధేస్తుంది, నేల పోయింది, పేరు మిగిలింది.

పలకడం గుర్తుపెట్టుకోడానికి నా పద్ధతి చెప్తా. ఇంగ్లీషులో ఇదే తోకతో ముగిసే మాటలు మూడు తీసుకోండి, ప్లౌ, త్రూ, టఫ్. బ్రిటన్‌లో బురద నేల అయితే ప్లౌ లాగా స్లౌ. అమెరికా, కెనడాల్లో నీటి పాయ, కుంట అయితే త్రూ లాగా స్లూ. చర్మం, కుబుసం అయితే ఎక్కడైనా టఫ్ లాగా స్లఫ్. ఇంకో ముఖ్యమైన సంగతి, మీరు ఇవన్నీ ఒకే మాటకి ఎలా అర్థాలయ్యాయని అడిగారు కదా, అసలు అవి ఒక మాట కాదు. బురద మాట పాత ఇంగ్లీషు నుంచి వచ్చింది, కుబుసం మాట వేరే దారిలో వచ్చింది, తోలుతిత్తి అనే అర్థమున్న జర్మన్ మాటకి చుట్టం అంటారు. స్పెల్లింగు కలిసిపోయిందంతే. మనకి అల అంటే కెరటమూ, అల వైకుంఠపురములో అన్నప్పటి అల అన్న మాటా వేరు వేరు కదా, అలాంటిదే.

ఇక మీ మూడో వాక్యం. దిగులు అర్థం 1678లో జాన్ బన్యన్ రాసిన యాత్రికుడి కథ నుంచి పాకింది, అందులో యాత్రికుడు దారిలో ఒక బురద గుంటలో పడిపోతాడు, వీపున మూట బరువుకి ఇంకా దిగబడతాడు, తోడు వచ్చినవాడు వెనక్కి పారిపోతాడు, చివరికి ఒకరు చెయ్యిచ్చి లాగుతారు. దాని పేరు స్లౌ ఆఫ్ డెస్పాండ్. అప్పటినుంచి ఇంగ్లీషులో మనిషి నిరాశలో పడితే ఆ మాట వాడుతున్నారు. దీనికి మన దగ్గర రెడీగా మాట ఉంది, రొంపి. రొంపిలోకి దిగాడు, ఆ రొంపిలోంచి బయటపడలేకపోతున్నాడు అని మనం అననే అంటాం కదా. నిరాశ రొంపి అని రాసి చూడండి. ఊబి కూడా అక్కడైతే నప్పుతుంది, మీ సరిచూసే ఆయన మాట ఆ ఒక్క చోట చెల్లుతుంది.

కరీంనగర్_టు_రెజైనా

నేను కెనడాల సస్కాచువాన్‌ల ఉంట. మా దిక్కు స్లూ అంటే పాయ కాదన్నా, టాంపా అన్న చెప్పిందానికి ఇక్కడ అస్సలు కుదరది. ఇక్కడ అది కుంట. అచ్చం మనూరి కుంటనే. ఎన్నో వేల ఏండ్ల కింద మంచు గడ్డలు కరిగి పోయినప్పుడు నేల మీద గుంటలు పడ్డయట, అవే ఇవి, లోపలికి వాగు రాదు, బయటికి వాగు పోదు, ఏప్రిల్‌ల మంచు కరిగితే నిండుతయి, ఎండలు ముదిరితే కొన్ని ఎండిపోతయి. గోధుమ చేన్ల నడుమ నడుమ ఎక్కడ చూసినా ఇవే. ఉత్తర అమెరికా బాతులల్ల సగం దాకా ఈ గుంటలల్లనే పిల్లలు పెడ్తయని చెప్తరు. ట్రాక్టర్ తిప్పుడు కష్టమైతుందని కొందరు రైతులు కాల్వ తీసి ఎండబెడ్తరు, అప్పుడు బాతులు ఎటు పోవాలె?

మా కరీంనగర్ దిక్కు చెరువు కింది పొలంల ఊట పైకి తేలితే జాలు పట్టింది అంటం, ఆ నేల జాలు భూమి. అదొక మాట యాదిల పెట్టుకోండి, ఎక్కడన్న పనికొస్తది. మా అమ్మమ్మ వాళ్ల కుంట శిఖం భూమిల, అంటే నీళ్లు నిలిచే జాగల, ఇప్పుడు ప్లాట్ల రాళ్లు పాతిండ్రు. నేను పోయినసారి పోయి చూసి వచ్చిన, ఒక మూలకు ఇంత నీళ్లు, అండ్ల తుంగ, గంతే. అందుకే మాట అన్న సరిగ్గ రాయాలె అనిపిస్తది నాకు.

ఆకివీడుపిల్ల

అయ్యో అందరూ భలే రాస్తున్నారు. నేను కాలిఫోర్నియాలో ఉంటా, మాకు ఇంకో రకం. శాన్‌హోసే అంచున అల్విసో స్లూ, దక్షిణాన మాంటెరీ బే ఒడ్డున ఎల్క్‌హార్న్ స్లూ. ఇవి పాయా కాదు కుంటా కాదు, సముద్రపు పోటు లోపలికొచ్చి పాటుకి వెనక్కిపోయే ఉప్పునీటి దారులు. మా ఊరు ఆకివీడు, పక్కనే ఉప్పుటేరు, కొల్లేరు నీళ్లు సముద్రానికి పోయే దారి. ఎల్క్‌హార్న్ స్లూ ఒడ్డున మొదటిసారి నిలబడ్డప్పుడు వాసన తగలగానే నాకు ఉప్పుటేరు గట్టే గుర్తొచ్చింది, ఆ ఉప్పు, ఆ బురద, కుళ్లిన ఆకు అన్నీ కలిసిన వాసన, ఇరవై ఏళ్ల తర్వాత అది పట్టగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

పాటు సమయంలో వెళ్తే బురద గట్లు నల్లగా మెరుస్తూ బయటపడతాయి, వాటి నిండా పీతల బొరియలు. అక్కడ సముద్రపు నీటిపిల్లులు ఉంటాయి, వెల్లకిలా తేలుతూ పొట్ట మీద పీతని పెట్టుకుని పటపటా కొరుక్కు తింటాయి, ఆ చప్పుడు పడవలోకి వినిపిస్తుంది. ఈ పీతలు గట్లని తొలిచి, గడ్డి వేళ్లు తినేసి ఒడ్లు కూలిపోయేలా చేస్తాయట, నీటిపిల్లులు తిరిగొచ్చి పీతల్ని తినడం మొదలుపెట్టాక ఆ ఒడ్లు కోసుకుపోవడం తగ్గిందని 2024లో శాస్త్రవేత్తలు రాశారు. ఒకప్పుడు బొచ్చు కోసం వేటాడి దాదాపు లేకుండా చేసిన జంతువు, అదే ఇప్పుడు గట్టు కాపాడుతోంది.

కాబట్టి అక్కా, కాలిఫోర్నియా వ్యాసం ఎప్పుడైనా వస్తే ఉప్పుటేరు అని రాయండి, ఇంకో ఆలోచనే వద్దు.

బీలగట్టు

సోంపేట దగ్గర మాది. ఇంతమంది రాసినారు, మా మాట ఒక్కరూ అనలేదు, అందుకే రాస్తన్నాను. మా దగ్గర ఇలాంటి నేలని బీల అంటాం. ఏడాది పొడుగునా నీరు నిలబడి, తుంగా జమ్మూ పెరిగి, చేపలు దొరికే మంచినీటి పల్లం. బీల నీళ్లు ఎత్తిపోతలతో పొలాలకి వస్తాయి, ఒకళ్లు చేపలు పడతారు, ఒకళ్లు తుంగ కోసి చాపలు అల్లుతారు, పశువులు అక్కడే మేస్తాయి. అటు టెక్కలి, నౌపాడ వైపు పోతే తంపర అంటారు, తేలినీలాపురంలో గూళ్లు పెట్టే గూడబాతులు మేతకి ఆ తంపరలకే పోతాయి.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మా బీల మీద థర్మల్ ప్లాంటు పెడతామన్నప్పుడు కాగితాల్లో దాన్ని పనికిరాని భూమి అని చూపించారు. బీల అని రాయలేదు. మా ఊళ్లవాళ్లు ఏళ్ల తరబడి ఇది బంజరు కాదు మొర్రో, ఇది బీల, ఇందులో నీళ్లున్నాయి, చేపలున్నాయి అని మొత్తుకున్నారు. 2010 జులై 14న కాల్పులు జరిగి రైతులు చనిపోయారు. సరిగ్గా అదే రోజు ఢిల్లీలో ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతిని కొట్టేశారు. ఆ రోజు నేను ఇంటర్ చదువుతున్నాను, సాయంత్రం ఊళ్లో ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు.

ఆ నేలని ఏ పేరుతో రాస్తారన్నది మాకు డిక్షనరీ సంగతి కాదండి. మీరు పిల్లలకి రాస్తున్నారు, మీ వ్యాసంలో ఎక్కడో ఒకచోట బీల అన్న మాట పడితే మా వైపు పిల్లోడు చదివినప్పుడు ఇది మా ఊరి మాట అనుకుంటాడు. ఫ్లోరిడాది పారే నీళ్లంటున్నారు కాబట్టి దానికి బీల అని రాయమనను, బీల నీరు నిలకడ నీరు. మొత్తం ఎవర్‌గ్లేడ్స్‌ని పరిచయం చేసే చోట మన బీలలూ తంపరల లాగా అని ఒక్క ముక్క వెయ్యండి చాలు.

నూజివీడురసం

బీలగట్టు గారూ, చదివాక కాసేపు ఏమీ టైపు చెయ్యలేకపోయాను. చిత్తడి నేల అని పెట్టెయ్యండి అన్నాను నేను, నా మాట వెనక్కి తీసుకుంటున్నా. మా నూజివీడు వైపు పల్లపు మాగాణిని బాడవ అంటారు, మా తాత అనేవాడు, నేనే ఎప్పుడూ వాడలేదు.

సీతాఫలంచెట్టు

అందరికీ చేతులెత్తి దండం. నాకు మూడు వాక్యాలు కుదిరిపోయాయి. పాముకి కుబుసం, కళ్ల సంగతి కూడా చేర్చాను, థాంక్యూ తెల్లకోటు చెల్లీ. మనిషి కథలో "నిరాశ రొంపిలో దిగబడిపోయాడు" అని పెట్టాను. కెనడా కుంట, ఎల్క్‌హార్న్ ఉప్పుటేరు నా నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను, వాటి మీద విడిగా వ్యాసం అడుగుతాను పత్రికవాళ్లని.

ఎవర్‌గ్లేడ్స్ దగ్గర ఇలా రాశాను, తప్పుంటే చెప్పండి, రేపు పొద్దున పంపాలి:

"మన సోంపేట బీల లాగా, టెక్కలి తంపర లాగా ఎవర్‌గ్లేడ్స్ కూడా నీళ్లూ నేలా కలిసి బతికే చోటు. అక్కడ కోసుకునే గడ్డి దిబ్బల మధ్య లోతైన నీటి పాయలు ఉంటాయి, వాటిని స్లూ అంటారు. నీళ్లు పారుతున్నాయని చూస్తే తెలియదు, కానీ ఒక కలువ ఆకుని విడిచిపెట్టి కాసేపు ఆగితే, అది మెల్లగా దక్షిణానికి కదులుతుంది."

పేటబస్తీ_టాంపా

బాగుంది అండి. కలువ ఆకు మాత్రం కాడతో నేలకి పాతుకుని ఉంటుంది, కదలదు. రాలిన ఆకు అని మార్చండి. షార్క్ రివర్ స్లూ అయితే దక్షిణానికి వచ్చి నైరుతికి తిరుగుతుంది, టేలర్ స్లూ దక్షిణానికే. మీరు పేరు చెప్పలేదు కాబట్టి దక్షిణానికి అన్నది సరిపోతుంది.

సీతాఫలంచెట్టు

మార్చేశాను. రాలిన ఆకు.